క్యాట్‌ఫిష్ అంటే ఏ చేప?

పోయిన దసరాకు ఊరెళ్లినప్పుడు దేవరకొండ అంగట్లో చేపలమ్మే ఆమెను "క్యాట్‌ఫిష్ ఉందా?" అని అడిగాను. ఇరవై ఏళ్ల డల్లాస్ అలవాటు. ఆమె మొహం మాడ్చుకుంది. "అసొంటియి మేం అమ్మం సార్. బంద్ జేసిన చేపలు గవి." ఆమె గంపలో ఉన్నవేమో వాలుగ, జెల్లలు. క్యాట్‌ఫిష్ అంటే పిల్లిలా మీసాలుండే చేపలన్నిటికీ ఇంగ్లిష్‌లో ఉమ్మడి పేరు కాబట్టి, రెండూ క్యాట్‌ఫిష్‌లే!

తప్పు నాదే. ఊళ్లో ఇప్పుడు ఆ ఇంగ్లిష్ మాటకు ఒకటే అర్థం: 2000లో నిషేధించినా, కోళ్ల వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచే ఆఫ్రికా చేప. దాన్ని అందరూ థాయ్ మాగుర్ అంటారు. ఆఫ్రికా చేపకు థాయ్‌లాండ్ ఇంటిపేరు! మన మార్పు చేపను కూడా ఉత్తరాదిలో మాగుర్ అనే పిలుస్తారు. దాంతో ఏ పాపం ఎరగని మార్పుకూ చెడ్డపేరు.

ఊరికో పేరు ఉండబట్టే ఈ గందరగోళం, ఇంగ్లిష్ పేరే నయం అని ఇక్కడి మన తెలుగు సంఘంలో కొందరి వాదన. నేనొప్పుకోను. కొన్నిచోట్ల ఇంగిలాయి అనే ఇంకో మీసాల చేపను కూడా మార్పు అనేస్తారు, నిజమే. కానీ చిన్నప్పుడు డిండి వాగులో "అరే, అది ఇంగిలాయిరా, ముట్టకు!" అని మా నాయిన అరిస్తే ఠక్కున చేయి లాక్కున్నాను. దాని రెక్క ముల్లులో విషం ఉంటుంది. "క్యాట్‌ఫిష్" అని అరిస్తే నాకేం తెలిసేది?

పోనీ, ఇంగ్లిష్‌లోనైనా తేటగా ఉందా? ఫ్లాట్‌హెడ్ అనే ఒక్క చేపనే ఇక్కడ అమెరికాలో కొందరు యెల్లో క్యాట్ అంటారు, కొందరు ఒపెలూసస్ అంటారు. మడ్ క్యాట్ అంటే ఒకచోట ఫ్లాట్‌హెడ్, ఇంకోచోట బుల్‌హెడ్. వియత్నాం నుంచి వచ్చే పంగాస్ రకాలను క్యాట్‌ఫిష్ పేరుతో అమ్మకూడదని 2002లో ఏకంగా చట్టమే తెచ్చారు. అందుకే షాపుల్లో వాటి మీద బాసా, స్వాయ్ అని ఉంటుంది.

ఎడిటర్ గారికి ఒక మనవి. పోయిన సంచికలో "క్యాట్‌ఫిష్ పులుసు" వేశారు. మా ఇంట్లో స్వాయ్ ముక్కలు తెచ్చి చేస్తే, చింతపండు పులుసులో విరిగి చారైపోయింది. తర్వాత ఫోన్ చేస్తే తెలిసింది, రాసినావిడ మనసులో ఉన్నది వాలుగ అని. ఆ ఒక్క మాట అచ్చులో ఉంటే, కనీసం కాస్త గట్టి చేప ఏదో చూసి తెచ్చుకునేవాళ్లం.