సైలెన్సర్ కోస్తే ఊరూస్ కాదు

ఆఫీసు గ్రూపు, చదువుకున్న రోజుల గ్రూపు, చుట్టాల గ్రూపు అన్నిటిలోకీ ఒకే సందేశం మళ్లీ మళ్లీ వచ్చి పడుతోంది. పంపినవాళ్లు నాకు ఇష్టమైనవాళ్లే. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. దాని సారాంశం ఇది: మీ టర్బో ఎస్‌యూవీకి సైలెన్సర్, కుదిరితే కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) కూడా తీయించి నేరుగా పైపు వేయించండి. 30 హార్స్‌పవర్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, లంబోర్గినీ కంపెనీ ఖరీదైన ఎస్‌యూవీ ఊరూస్ గొంతు వస్తుంది, పెద్ద శబ్దం ప్రమాదాలను ఆపుతుంది, విదేశీ కార్లకు కంపెనీలే ఇలా బిగిస్తున్నాయి కాబట్టి పోలీసులు ఏమీ అనలేరు.

ముందుగా 30 హార్స్‌పవర్ సంగతి. ఇందులో కొంత నిజం ఉందని నేనే చెబుతాను. టర్బైన్ (టర్బోలో పొగ తిప్పే చక్రం) దాటాక పొగకు అడ్డు తగ్గితే టర్బో త్వరగా తిరుగుతుంది. వెడల్పైన డౌన్‌పైపు (టర్బో నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టం) వేసి, దానికి తగ్గట్టు ఈసీయూను (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌ను) మళ్లీ ట్యూన్ చేస్తే శక్తి పెరుగుతుంది. ఇంజిన్‌కు బ్యాక్ ప్రెషర్ (పొగకు ఎదురొత్తిడి) ఉండి తీరాలనే పాత వాదన తప్పు. కానీ ఈ సందేశం చెబుతున్నది ఆ పని కాదు, ముఖ్యంగా బంపర్ కింద ఉన్న సైలెన్సర్ డబ్బాను కోసి పారేయమంటోంది. పొగకు పెద్ద అడ్డంకులు టర్బైన్, కన్వర్టర్. చివరి సైలెన్సర్ దగ్గరికి వచ్చేసరికి పొగ చల్లబడి, ఒత్తిడి చాలావరకు కోల్పోయి ఉంటుంది. 160 పీఎస్ ఇచ్చే క్రెటా ఎన్ లైన్ లాంటి కారులో ఆ ఒక్క డబ్బా వెనుక 30 హార్స్‌పవర్ దాగి ఉంటే, కంపెనీ దాన్ని ప్రకటనలో వేసుకోకుండా వదిలేస్తుందా?

మైలేజీ పెరగదు. శబ్దం కోసం యాక్సిలరేటర్ తొక్కేవారికి తగ్గుతుంది.

ఊరూస్ గొంతు మాట చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆ శబ్దమంటే నాకు ప్రాణం. ఊరూస్‌లో ఉన్నది 4 లీటర్ల వీ8 (వీ ఆకారంలో రెండు వరుసలుగా ఎనిమిది సిలిండర్లు), రెండు టర్బోలు. మెర్సిడెస్ ఏఎంజీ జీ 63లోనూ అదే లెక్క. క్రాస్‌ప్లేన్ అనే రకం క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) ఉన్న అలాంటి వీ8లో ఒక్కో వరుసలోని నాలుగు సిలిండర్లు సమాన విరామాలతో మండవు. మనం వినే గుడగుడ ఆ అసమాన విరామాల నుంచే పుడుతుంది. మీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ తు.చ. తప్పకుండా సమాన విరామాలతో మండుతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 4000 సార్లు, అంటే సెకనుకు 67 సార్లు. పైపు ఎంత కోసినా క్రాంక్‌షాఫ్ట్ మారదు, మండే వరుస మారదు. వచ్చేది అదే 67 హెర్ట్జ్ మోత, ఇంకా గట్టిగా. ఎస్‌యూవీ క్యాబిన్ పెద్ద ఖాళీ పెట్టె కాబట్టి హైవే మీద ఆ మోత లోపలే తిరుగుతూ తల దిమ్మెక్కిస్తుంది. కంపెనీ ఇంజినీర్లు పైపు మధ్యలో రెసొనేటర్ పెట్టేది సరిగ్గా ఆ పౌనఃపున్యాన్ని కొట్టేయడానికే. దాన్నీ కోసి పారేయమంటున్నారు!

కన్వర్టర్ తీయించడం గురించి ఆడవాళ్లూ పిల్లలూ ఉన్న గ్రూపుల్లో ఎలా పంపుతున్నారో నాకు అర్థం కాదు. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం కార్బన్ మోనాక్సైడ్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్లను చాలావరకు హాని తక్కువ వాయువులుగా మార్చేస్తాయి. అది లేకపోతే, నేల కింద వెల్డింగ్ ఎక్కడైనా వదిలితే, రంగూ వాసనా లేని ఆ కార్బన్ మోనాక్సైడ్ వెనక సీటులో నిద్రపోతున్న పిల్లల దగ్గరికి చేరగలదు. నిలువుగా తెగిన ఎస్‌యూవీ వెనుక భాగం కదులుతున్నప్పుడు అక్కడ గాలి ఒత్తిడి తగ్గి, పొగ కారు వైపే లాగబడుతుంది. డిక్కీ రబ్బరు వదులైతే చాలు.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట: పెద్ద శబ్దం ప్రాణాలు కాపాడుతుందట. పైపు మూతి ఎటు చూస్తోంది? వెనక్కి. మీరు ఎవరిని ఢీకొట్టే అవకాశం ఉంది? ముందున్నవారిని. వాళ్లు అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని, పాటలు వింటూ ఉంటారు. మీ మోత వాళ్లకు వినిపించేసరికి మీరు పక్కనే ఉంటారు. లోతైన శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో మూసిన కారులో చెవి పట్టుకోలేదు. ఉలిక్కిపడి తప్పు వైపు స్టీరింగ్ తిప్పితే దానికి ఎవరు బాధ్యులు? మీ సంగతీ చూడండి. క్యాబిన్ నిండా మోత ఉన్నప్పుడు అంబులెన్స్ సైరన్ మీకు ఆలస్యంగా వినిపిస్తుంది.

వాహన శబ్దం పాదచారులకు ఉపయోగపడే సందర్భం ఒకటి ఉంది, కాదనను. నెమ్మదిగా వెళ్లే విద్యుత్ కార్లు వినిపించవు. అందుకే యూరప్‌లో 2021 జులై నుంచి కొత్తగా అమ్మే ప్రతి విద్యుత్, హైబ్రిడ్ కారుకూ హెచ్చరిక శబ్దం తప్పనిసరి చేశారు. ఎంత? గంటకు 20 కిలోమీటర్ల వేగం వరకు, ఆ వేగం దగ్గర కనీసం 56 డెసిబెల్స్, గరిష్ఠంగా 75. ప్రాణాలు కాపాడాలనుకున్నవాళ్లు కొలిచి పెట్టిన శబ్దం అది. రాత్రి పదకొండుకు ఆసుపత్రి రోడ్డులో మీరు చేసే మోతకూ దానికీ ఏమిటి సంబంధం? మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అక్కడ రాత్రి పరిమితి 40 డెసిబెల్స్. లోపల ఎవరి అమ్మో ఆక్సిజన్ మీద పడుకుని ఉంటుంది. ఆమె ప్రాణం లెక్కలోకి రాదా?

చట్టం గురించి రెండు ముక్కలు చాలు. ఊరూస్‌లో, జీ 63లో ఉన్నవి కవాటాలున్న ఎగ్జాస్టులు. మామూలు మోడ్‌లో మూసుకుంటాయి, స్పోర్ట్ మోడ్‌లో తెరుచుకుంటాయి, మొత్తం వ్యవస్థ పరీక్షలో నెగ్గాకే అమ్మకానికి వస్తుంది. వెల్డింగ్ షాపు పైపు ఏ పరీక్షలో నెగ్గింది? మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరి రోడ్డెక్కితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత.

సందేశం చివర్లో ఉన్న ఒక ఫిర్యాదుతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను: కంపెనీలు స్పీకర్లలోంచి ఇంజిన్ శబ్దం వినిపించి మోసం చేస్తున్నాయని. 2011 నాటి బీఎండబ్ల్యూ ఎం5లోనే ఆ పని మొదలుపెట్టారు, అంత గొప్ప వీ8 ఉండి కూడా. అభిమానుల కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపాన్ని కారు కొనేముందు షోరూంలో చూపించండి. కృత్రిమ శబ్దం ఆపడానికి వీలుందా అని అడగండి, ఆపించి టెస్ట్ డ్రైవ్ చేయండి, అద్దాలు దించి వినండి. ఆ గొంతు నచ్చకపోతే ఆ కారు కొనకండి.