మల్కాజిగిరి రేవులో లంగరు

హైదరాబాదులో సముద్రం లేకపోవటానికి బాధ్యులెవరో ఇప్పటికైనా తేల్చాలి. నా విచారణలో నేరం సూటిగా నిజాం అలీ ఖాన్ మీదికే పోతోంది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం మన రేవు. మన వజ్రాలూ, అద్దకం బట్టలూ అక్కడే ఓడలెక్కేవి. 1766 ఒప్పందంలో నిజాంగారు ఉత్తర సర్కారులను, అంటే కోస్తా సీమను, ఈస్టిండియా కంపెనీకి వదిలేశారు. దాని ఫలితంగా, నేవీ ఓడలో ఏడు నెలలు సముద్రం మీద తిరిగి వచ్చిన మా ఆయనను ఎదుర్కోవటానికి నేను తెల్లవారుజామున చర్లపల్లి స్టేషన్‌కు ఆటో మాట్లాడుకోవలసి వచ్చింది.

విశాఖలో అయితే ఈ బాధ లేదు. ఓడ జెట్టీకి తగులుతుంటే బ్యాండు మోగుతుంది, పిల్లలు అట్టముక్కల మీద ‘నాన్నా’ అని రాసుకుని ఎగురుతారు. మాకు మా అత్తయ్య మోకాళ్ళు, నా ఉద్యోగం, అమ్మాయి బడి ఇక్కడ. కనుక జెట్టీకి బదులు మూడో నంబరు ప్లాట్‌ఫారం, బ్యాండుకు బదులు ‘యాత్రికులు దయచేసి గమనించగలరు’. సికింద్రాబాద్ స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారు కనుక కొన్ని బండ్లు చర్లపల్లికి మళ్ళాయని మా ఇంట్లో అందరికీ తెలుసు, మా ఆడపడుచుకు తప్ప. ఆవిడ పూలదండతో సికింద్రాబాదులో రెండు గంటలు నిలబడి, దండ వాడిపోతోందని చివరికి స్టేషన్ దగ్గర గుడిలో అమ్మవారికి వేసి వచ్చింది.

ఈ ఊరికి సైన్యం తెలియక కాదు. సికింద్రాబాదు పుట్టిందే కంటోన్మెంటు చుట్టూ. అయితే ఇక్కడ మిలిటరీ అంటే ఆకుపచ్చ రంగు. తెల్ల దుస్తుల్లో ఉన్న మా ఆయన ఫొటో చూసి కింది ఫ్లాటు పిన్నిగారు, “అబ్బాయి ఏ ఆసుపత్రిలో అమ్మా?” అని అడిగారు. నేవీ అని చెబితే, “పాపం, సరిహద్దులో ఎంత చలో!” అన్నారు. అప్పుడు జూన్ నెల. ఆయన ఉన్నచోట ఇంజను గదిలో చలికి ప్రవేశం లేదు. నేనేమీ సవరించలేదు. ఆయన ఎక్కడ ఉన్నారో నాకు తెలిస్తే కదా సవరించటానికి.

తెలియకపోవటం కూడా సరైన నియమమే. యుద్ధనౌక ఎప్పుడు ఎక్కడ ఉంటుందో, ఏ రోజు తిరిగి వస్తుందో చాటింపు వేయకూడదు. ఆ రహస్యాన్ని నేను ప్రాణంలా కాపాడాను. ఆయన విశాఖలో దిగి ఫోన్ చేసిన రాత్రి మా అత్తయ్యకు మాత్రం చెప్పాను. అత్తయ్య పెరుగు తెచ్చే ఆవిడకు మాత్రం చెప్పారు. ఉదయం ఇస్త్రీ బండి అతను నన్ను ఆపి, “సారు గురువారం కదమ్మా, తెల్ల బట్టలు ముందే పంపండి” అన్నాడు.

వార్తల విషయంలో మా అత్తయ్యకు ఇంకొక ఆశ కూడా ఉండేది. వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో నౌకాదళం వారి రేడియో కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. సముద్రానికి ఇంత దూరంలో నేవీకి ఏం పని అని చాలామంది అడిగారు. అక్కడి నుంచి పంపే అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు నీటి లోపలికి కొంత లోతు వరకు పోయి జలాంతర్గాములకు వినిపిస్తాయి. మా ఆయన జలాంతర్గామి మనిషి కాదని ఎంత చెప్పినా అత్తయ్య వినలేదు. అది పూర్తయితే వికారాబాద్ బస్సెక్కి వెళ్ళి కొడుకుతో మాట్లాడి వస్తానన్నారు. “అత్తయ్యా, దాంతో మనం చెప్పింది వాళ్ళు వినటమే తప్ప, వాళ్ళు తిరిగి చెప్పటానికి వీలుండదు” అన్నాను. “మంచిదే కదే. నాకు కావలసింది కూడా అదే” అన్నారు.

ఇక స్వాగతం. పన్నెండు ఫ్లాట్ల మా సంఘం దీనికోసం అత్యవసర సమావేశం పెట్టింది. లిఫ్టు బాగుచేయించటానికి ఎనిమిది నెలలుగా కుదరని కోరం ఆ రోజు అరగంటలో కుదిరింది. ఫ్లెక్సీ, డప్పులు, శాలువా, అల్పాహారం అని నాలుగు పద్దులు రాశారు. ఫ్లెక్సీలో మా ఆయన తల ఒక విమానవాహక నౌక మీద మొలిచింది. అది ఆయన ఓడ కాదు. అంతకు రెండింతలు పెద్దగా అధ్యక్షులవారి బొమ్మ, చేతులు జోడించి. కింద ‘సరిహద్దు వీరునికి సుస్వాగతం’. రైల్లో కంటిమీద కునుకు లేని మనిషి, ఎండలో శాలువా కప్పుకుని, త్యాగం గురించి ఇరవై రెండు నిమిషాలు విన్నారు. త్యాగం ఎవరిదో చెబుతారేమోనని నేను కూడా శ్రద్ధగా విన్నాను. ఆయన ఓడెక్కిన తొమ్మిదో రోజున మా ఫ్రిజ్ పోయింది, పదకొండో రోజున అమ్మాయికి జ్వరం వచ్చింది. ఆ విషయాలు ఉపన్యాసంలో లేవు. నా చేతికి కొబ్బరికాయ ఇచ్చి పక్కకు జరగమన్నారు, ఫొటోకు అడ్డం వస్తున్నానని.

అల్పాహారం దగ్గర ఒక పెద్దాయన, ఆడవాళ్ళను ఓడల మీదికి పంపరు కదా అని అన్నారు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, తారిణి అనే తెరచాప నౌకలో ఆరుగురు నేవీ అధికారిణులు 254 రోజుల్లో భూమిని చుట్టి వచ్చారనీ, వారిలో మన తెలుగు అమ్మాయిలు ఇద్దరున్నారనీ చెప్పాను. ఆయన ఇడ్లీ మధ్యలో ఆగి చాలాసేపు ఆలోచించి, “మరి ఇంటికొస్తే దిష్టి ఎవరు తీస్తారు?” అన్నారు. ఈ ప్రశ్నకు రక్షణ శాఖ సమాధానం చెప్పాలి. ఎర్రనీళ్ళ పళ్ళెం తిప్పటంలో మగవారికి ఆరు వారాల శిక్షణ పెడితే బాగుంటుందని నా సూచన.

గుమ్మం దాటాక అసలు సమస్య మొదలైంది. ఓడ ఎక్కేటప్పుడు ఎంతటి అధికారి అయినా దాని వెనకవైపు పైతట్టు అయిన క్వార్టర్‌డెక్‌కు సెల్యూట్ చేసి మరీ అడుగుపెడతారని మా ఆయనే పెళ్ళయిన కొత్తలో గర్వంగా చెప్పారు. అదే మనిషి మా ఇంట్లోకి బూట్లతో నడిచి వచ్చి నేరుగా ఫ్రిజ్ తెరిచారు. అంతర్జాతీయ చట్టం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు ఆ దేశపు ప్రాదేశిక జలాలు. 200 మైళ్ళ వరకు చేపల మీదా చమురు మీదా హక్కు ఆ దేశానిదే. మా ఇంట్లో స్టవ్ నుంచి ఫ్రిజ్ దాకా మొదటి రకం, హాల్లో రిమోటు దాకా రెండో రకం. ఏడు నెలలుగా అక్కడ ఎగురుతున్నది నా జెండా.

ఆయన సాయంత్రానికల్లా పప్పు డబ్బాలను ఎత్తుల వారీగా పేర్చి, పడిపోకుండా తాడుతో కట్టేశారు. మల్కాజిగిరి ఇంతవరకు ఒక్కసారి కూడా ఊగలేదని మనవి చేసుకున్నాను. స్నానం ఒక్క చెంబుతో ముగించి వచ్చారు. ఓడ మీద మంచినీళ్ళంటే సముద్రపు నీటి ఉప్పు తీసి చేసుకున్నవి, లెక్కగా వాడతారు. నేను పళ్ళు తోముకుంటుంటే వెనక నుంచి వచ్చి కుళాయి కట్టేశారు. నోట్లో నురగ ఉండబట్టి ఊరుకున్నాను.

మా అమ్మాయి మాత్రం మర్యాద తప్పలేదు. గ్లాసు నిండా నీళ్ళు పళ్ళెంలో పెట్టుకుని తెచ్చి, “కూర్చోండి” అంది. ఆయన నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను. రాత్రి అన్నాల వేళకు ‘కూర్చో నాన్నా’ దాకా దిగింది. అంతవరకు ఆయన నిజంగానే కుర్చీ అంచు మీదే కూర్చున్నారు.

మర్నాడు నాలుగింటికే లేచి బాల్కనీలో నిలబడ్డారు. ఓడ మీద ఉదయపు వాచ్, అంటే కాపలా వంతు, మొదలయ్యే వేళ అది. ఇక్కడ నాకూ అదే వేళ. మోటారు వంతు ఈ నెల మాది. రోజు విడిచి రోజు నాలుగున్నరకు నీళ్ళొస్తాయి, ఇరవై నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. ఏడు నెలల్లో మొదటిసారి వాచ్ ఇంకొకరికి అప్పగించే అవకాశం దొరికింది. స్విచ్చి చూపించి, సమయం చెప్పి, మళ్ళీ చెప్పి, పడుకున్నాను.

జలపాతం చప్పుడుకు మెలకువ వచ్చింది. పై అంతస్తు నుంచి అధ్యక్షులవారు సరిహద్దు వీరుణ్ణి పేరు పెట్టి కేకలేస్తున్నారు. ఒక్క చెంబుతో స్నానం చేసిన మనిషి బాల్కనీ కమ్మీ పట్టుకుని, గోడ మీదుగా జారుతున్న నీటి వంక చూస్తూ నిలబడి ఉన్నారు. వచ్చినప్పటి నుంచి ఆయన ముఖం అంత తేటగా నేను చూడలేదు.

మోటారు నేనే ఆపాను. వెంటనే కాదు.