పోకెమాన్ మీద అనంతపురం అభ్యంతరాలు

ఫోన్ చూసి పిల్లల కళ్లు పోతున్నాయని బాధపడే పెద్దలు వీధికి పదిమంది ఉన్నారు. పోతున్నది కళ్లు కాదు, లోకజ్ఞానం అని కనిపెట్టినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు పోకెమాన్ ఆటలో పడ్డాడు. తెలుసుకుని ఖండించడం మన వ్యాసకర్తల ఆచారం కాకపోయినా, నేను వాడి పక్కన కూర్చుని ఓనమాలు నేర్చుకున్నాను.

ఆట పాతదే. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్ బాయ్ అనే చేతిలో పట్టుకు ఆడే యంత్రం కోసం వచ్చింది. చిన్నప్పుడు పురుగులు పట్టుకుంటూ తిరిగిన సతోషి తజిరి అనే ఆయన పెద్దయ్యాక ఆ సరదానే ఆటగా మలిచాడు. మన దగ్గర తూనీగ తోకకు దారం కట్టినవాడికి వీపు విమానం మోత మోగేది కాబట్టి ఇలాంటి ఆటలు పుట్టలేదు. మొత్తం 151 జంతువులు. పట్టాలి, పెంచాలి, పోట్లాడించాలి. తర్వాత కొత్తవి చాలా వచ్చినా, మూలం తెలియాలంటే మొదట వచ్చిన వాటిలో ఒకటైన 'రెడ్' ఆడాల్సిందేనని మా వాడి సిద్ధాంతం.

ఓక్ అనే ప్రొఫెసర్ మొదటి జంతువును ఊరికే ఇస్తాడు. వీపున మొగ్గ మోసే బల్బసార్, తోక కొసన మంట ఉండే చార్మాండర్, నీళ్లు చిమ్మే తాబేలు లాంటి స్క్విర్టిల్. మూడింట్లో ఏది కావాలో పిల్లవాణ్నే అడుగుతాడు. డొనేషన్ లేదు, ర్యాంకు అడగడు, నాన్నను పిలుచుకురమ్మనడు. నా మొదటి అనుమానం ఇక్కడే మొదలైంది.

నీళ్లది ఉందనగానే అదే తీసుకోమన్నాను. అనంతపురంలో పుట్టినవాడు ఇంకేమంటాడు?

"తొందరపడొద్దు మామా. నీళ్లు నిప్పును ఆర్పుతాయి. గడ్డి నీళ్లను తాగేస్తాది. నిప్పు గడ్డిని కాల్చేస్తాది. ఎవురికీ అన్నీ కలిసిరావు."

మొదటి జిమ్‌లో, అంటే గెలిస్తే బ్యాడ్జి ఇచ్చే పోటీ బరిలో, బ్రాక్ అనేవాడు రాతి జంతువులతో కూర్చుని ఉంటాడు. నిప్పు తీసుకున్నవాడికి అక్కడ చుక్కలు కనిపిస్తాయి. నీళ్లో గడ్డో తీసుకున్నవాడు నాలుగు దెబ్బల్లో బయటపడతాడు. అందరూ ముద్దుచేసే పికాచూ పిడుగులు ఆ జంతువుల మీద అసలు పనిచేయవు, అవి నేల జాతి కూడా కాబట్టి. ఏది దేన్ని గెలుస్తుందో ముందే రాసిపెట్టిన పట్టిక ఉంది, అది అందరికీ ఒకటే. మంత్రిగారి బావమరిది రాయైనా సరే, నీళ్లకు లొంగాల్సిందే. సిఫార్సు చెల్లని పట్టికను పసివాళ్ల చేతికివ్వడం ఎంతవరకు సబబు?

అడవి జంతువులు ఎత్తుగా పెరిగిన గడ్డిలో ఎదురవుతాయట. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడిన ఏడు, చూసే జిల్లా మనది. నడుం లోతు గడ్డి ఎలా ఉంటుందో మా వాడు ఫోన్‌లోనే చూశాడు. పోనీ, అది భూగోళానికి సంబంధించిన తప్పు, క్షమిద్దాం. పట్టే పద్ధతి మాత్రం శాస్త్రోక్తంగా ఉంది. ఎదురుపడగానే జంతువును బంధించే బంతి విసిరితే తప్పించుకుంటుంది. ఉత్సాహం కొద్దీ బాదితే మూర్ఛపోతుంది, మూర్ఛపోయినదాన్ని పట్టడం కుదరదు. కొన ఊపిరి మిగిలేలా కొట్టాలి, వీలైతే నిద్రపుచ్చాలి, ఆ పైన బంతి వేయాలి. వడ్డీ వ్యాపారులకు ఈ మెళకువ ఏ ప్రొఫెసర్ చెప్పాడో తెలియదు గానీ, ఒక్కరూ మూర్ఛదాకా తేరు.

వెంట ఆరింటికి మించి నడవవు. ఒక్కోదానికి నాలుగే విద్యలు, ఐదోది నేర్పాలంటే ఒకటి మరిపించాలి. ఇంతవరకు అభ్యంతరం లేదు.

అసలు ప్రమాదం ఆస్పత్రిలో ఉంది. పోకెమాన్ సెంటర్ అంటారు. చిన్న చిన్న ఊళ్లలో కూడా ఉంటుంది, తెరిచే ఉంటుంది, లోపల మనిషీ ఉంటుంది. దెబ్బతిన్న జంతువులను కౌంటర్ మీద పెడితే, ఒక చిన్న పాట అయిపోయేలోగా ఆరింటినీ నయం చేసి చేతికిస్తారు. రూపాయి తీసుకోరు. ఓపీ చీటీ లేదు. కార్డు లింకు కాలేదనరు. స్కానింగ్ బయట తీయించుకురమ్మనరు. కర్నూలుకు రాస్తాం, లేదంటే మీ ఇష్టం, బెంగళూరుకు పోండి అనరు. దీనికి అలవాటుపడినవాడు రేపు పెద్దవాడై, ముసలి తల్లిని ఆటోలో వేసుకుని నిజం ఆస్పత్రికి పోతే వాడి గతేం కాను?

ఓడిపోతే చేతిలో ఉన్న డబ్బులో సగం పోతుంది. ఈ సంగతి శెనిక్కాయ వేసే మా పెద్దనాయనకు చెబితే, "సగమేనా?" అని రెండుసార్లు అడిగి, ఆ ఊరు యాడుందో కనుక్కోమన్నాడు.

అలాగని ఆటలో నిజమే లేదంటే కళ్లు పోతాయి. విరిడియన్ అనే ఊళ్లో ఒక ముసలాయన నడిదారిలో అడ్డంగా పడుకుంటాడు. ఇంకా కాఫీ తాగలేదని ఇంగ్లీషులో రాశారు, జపాన్ మూలంలో తాగింది ఎక్కువై పడుకున్నాడు. ఆయన లేచేదాకా దారి లేదు. శాఫ్రన్ సిటీ గేటు దగ్గర కాపలావాడు ముందు తన గొంతెండిపోతోందంటాడు, ఆ తర్వాత దారి మూసేశామంటాడు. సోడానో నిమ్మరసమో చేతిలో పెడితే దారి తెరుచుకుంటుంది. పైగా ఆ ఒక్క సీసానూ మిగతా గేట్ల వాళ్లతో పంచుకుంటాడు. తిన్నది పంచుకునే ఈ గుణం మన వైపు కాస్త తగ్గిందని ఒప్పుకోవాలి.

సెరూలియన్ సిటీలో సైకిల్ ధర పది లక్షలు. ఆటగాడి సంచిలో 9,99,999 మించి పట్టదు. ఎంత చెమటోడ్చినా ఆ ఒక్క రూపాయి చేరదు. మరి సైకిల్ ఎలా వస్తుంది? పోకెమాన్ ఫ్యాన్ క్లబ్‌కు పోయి, అక్కడి చైర్మన్ గారు తన పెంపుడు జంతువు గురించి చెప్పుకునే గొప్పలన్నీ ఓపిగ్గా వింటే ఓచర్ ఇస్తాడు, దాన్ని చూపిస్తే సైకిల్ ఉచితం. ఈ ఘట్టాన్ని పాఠ్యపుస్తకంలో పెట్టాలని మనవి.

ఇంకొకటి. ఇంకొకడి దగ్గర మార్చుకుని తెచ్చుకున్న జంతువుకు అనుభవం ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. మన చేతిలో పెరిగినదానికి మామూలు లెక్కే. తీరా మన బ్యాడ్జీలు చాలకపోతే, పెద్దదైన ఆ వలస జంతువు మాట వినదు, పోరు మధ్యలో కునుకు తీస్తుంది. ఇది చదువుతూ ఇరవై ఏళ్లు జెండా మోసిన కార్యకర్త ఎవరైనా కళ్లు తుడుచుకుంటే నా బాధ్యత లేదు.

మౌంట్ మూన్ దగ్గర ఒకడు మ్యాజికార్ప్ అనే చేపను 500కు అంటగడతాడు. ఎగిరెగిరి పడటం తప్ప దానికేమీ రాదు. అమ్మకం వరకు సహజంగానే ఉంది. కానీ 20వ లెవెల్ దాకా మోస్తే అది గ్యారడోస్ అనే మహాసర్పం అవుతుంది. ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల, రింగు రోడ్డు వస్తుందని ప్లాటు కొన్నవాళ్లను అడగండి, అలా అవుతుందేమో.

చివరి జిమ్ సంగతి చెప్పేటప్పుడు మా వాడి గొంతు మారింది. ఎనిమిదో బ్యాడ్జి ఇచ్చే జిమ్ చాలాకాలం తాళం వేసే ఉంటుంది. తెరిచాక చూస్తే, లోపల కూర్చున్న పెద్దమనిషి జొవాని. జంతువుల్ని దొంగిలించే రాకెట్ ముఠా నాయకుడూ ఆయనే. బ్యాడ్జి ఇచ్చేదీ ఆయనే, దోచేదీ ఆయనే. నాకు ఆట మీద గౌరవం కలిగింది. ఒక్క క్షణం లేచి నిలబడ్డాను కూడా.

"ఓడిపోయినాక ఏమంటాడో సూడు మామా," అన్నాడు వాడు.

ఓడిపోయాక ఆయన బ్యాడ్జి తీసి చేతిలో పెడతాడు. రీకౌంటింగ్ అడగడు, కోర్టుకు పోడు. ముఠా ఈ రోజుతో సరి, ఇకపై చదువుకుంటానని చెప్పి వెళ్లిపోతాడు. ఈ ఒక్క సన్నివేశాన్ని మన జిల్లా వరకైనా కత్తిరించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.