బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీలా?

శ్రీలంకకి బీచ్ కోసం వెళ్లేవాళ్లు బీచ్‌లోనే ఉండిపోండి బాబూ, గుళ్ల జోలికి రాకండి. దంబుల్లాలో అన్ని మెట్లెక్కి, చెప్పులు కౌంటర్లో ఇచ్చేసి, మిట్టమధ్యాహ్నం కాలే బండ మీద గెంతుకుంటూ గుహలోకి దూరితే లోపల ఏముంది? క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో వలగంబా రాజు కట్టించాడని చెప్పే గుడి, రాతి పైకప్పంతా రంగుల బొమ్మలు, పడుకుని ఉన్న పెద్ద బుద్ధుడు. ఆయన్ని చూడనిస్తేగా! నా ముందంతా సెల్ఫీ స్టిక్కులే. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ అపచారం, గైడ్లు మొత్తుకుంటారు కూడా, అయినా ఒకావిడ అటు తిరిగి, ఇటు తిరిగి, జుట్టు సర్దుకుని మరీ దిగింది.

కాండీలో ఇంకా ఘోరం. బుద్ధుడి పన్నుని పేటికలో దాచి ఉంచిన దళద మాలిగావ గుడిలో పూజ వేళకి తెల్లబట్టలు కట్టుకున్న ముసలమ్మలు తామరపూలు పట్టుకుని ఓపిగ్గా నిలబడితే, మన తెలుగు బ్యాచ్ ఒకటి వాళ్లని తోసుకుంటూ ముందుకెళ్లి, పన్ను ఏదీ, పేటికేనా కనిపించేది, ఇంతోటి దానికి టికెట్టా అని గట్టిగా గొణుగుడు. వెళ్లేముందు ఫోన్‌లో రెండు ముక్కలు చదువుకోవచ్చుగా!