దిగబడిన బండికి క్రేన్ బెల్టు ఎందుకు వద్దంటే

సూర్యలంక బీచ్‌లో కార్లు దిగబడటం కొత్తేం కాదు. పోయినేడాది నా కళ్లముందే ఒక ఎస్‌యూవీకి ట్రాక్టర్ గొలుసు తగిలించారు. ట్రాక్టరాయన కాస్త వెనక్కొచ్చి, గొలుసు వదులు చేసుకుని, ఒక్క ఊపున ముందుకు ఉరికించాడు. బండి కదల్లేదు గానీ ముందు బంపర్ సగం ఊడి వేలాడింది. చుట్టూ ముప్పై మంది, అందరి చేతుల్లో ఫోన్లు. ఆ గొలుసు తెగితే ఏంటన్నది అక్కడ ఎవరికీ తట్టలేదు, నాకూ ఇంటికొచ్చాకే తట్టింది.

సరే, సొంత బెల్టు ఉంటే మంచిదని వెతికితే హార్డ్‌వేర్ షాపులో క్రేన్‌కి వాడే పసుపు బెల్టు చేతిలో పెట్టారు. "మూడు టన్నులు సార్, మీ బండెంత?" ఆ మాటలో అబద్ధం లేదు. మూడు టన్నులు ధైర్యంగా ఎత్తొచ్చు, తెగే బలం మామూలుగా దానికి ఏడు రెట్లు ఉంటుంది. చిక్కల్లా అది పాలిస్టర్ కావడమే. పెద్దగా సాగదు. ఊపుతో లాగడానికి చేసిన స్నాచ్ స్ట్రాప్ నైలాన్‌ది, సుమారు 20 శాతం సాగుతుంది, అంటే 9 మీటర్ల బెల్టు ఇంకో 1.8 మీటర్లు.

దీనివల్ల తేడా ఎంతంటే, 2 టన్నుల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో లాగిందనుకోండి. ఆ ఊపు 1.8 మీటర్ల సాగుడులో ఆగితే కొక్కెం మీద సగటున పడే బలం 440 కిలోలు. అదే గొలుసుతో 10 సెంటీమీటర్లలో ఆగితే దాదాపు 8 టన్నులు. బంపర్ ఊడిందంటే ఊడదా మరి!

అలాగని ఎక్కువ టన్నుల స్ట్రాప్ కొనేస్తే సరిపోదు. లాగే బండి, దిగబడిన బండి, ఈ రెండిట్లో తేలికైనదాని లోడుతో కలిపిన బరువుకి రెండు మూడు రెట్ల తెగే బలం చాలని ఆస్ట్రేలియాలో ఈ స్ట్రాప్‌ల మీద తప్పనిసరిగా ఉండే హెచ్చరికే చెబుతుంది. మారుతి జిమ్నీకి ఆ బరువు 1,545 కిలోలు. దానికి 11 టన్నుల స్ట్రాప్ వేస్తే అది సరిగ్గా సాగదు, మళ్లీ గొలుసు కథే.

ఇంకో సంగతి, నాకు అసలు భయం దీనితోనే. సాగిన స్ట్రాప్ పెద్ద రబ్బరు బ్యాండ్ లాంటిది. తగిలించిన ఇనుము ఊడితే తుపాకీ గుండులా వస్తుంది. ట్రైలర్ తగిలించే టో బాల్‌కి, టూల్‌కిట్‌లో వచ్చే, బంపర్‌లోకి మరలా తిప్పి బిగించే రింగుకి, 2017లో కేంద్రం వద్దన్నా ఇంకా కనిపించే క్రాష్ గార్డుకి స్ట్రాప్ తగిలించొద్దు. ఛాసిస్‌కి బిగించిన రికవరీ హుక్, బలం అచ్చేసి ఉన్న షాకిల్ (పిన్నుతో మూసే U ఆకారపు ఇనుప కొక్కెం), అంతే. రెండు స్ట్రాపుల్ని షాకిల్‌తో అసలు కలపొద్దు. మధ్యలో తడి గోనెసంచో దుప్పటో వేస్తే తెగినప్పుడు ఎగిరే జోరు కొంత తగ్గుతుంది. జనాన్ని స్ట్రాప్ పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరం, అంటే 14 మీటర్లు అవతలికి పంపాలి, లాగే వరసలో ఎవరూ ఉండకూడదు. మన దగ్గర అన్నిటికంటే కష్టం ఇదే, వీడియో తీసేవాళ్లని జరగమంటే మనమే చెడ్డవాళ్లం.

అన్నట్టు, నైలాన్ తడిస్తే బలం తగ్గుతుంది, పోగుల్లో ఇరుక్కున్న ఇసుక లోపల్నుంచి కోస్తుంది. వాడాక కడిగి నీడలో ఆరేయాలి.

అసలు ఆ రోజు చక్రాల ముందు ఇసుక తవ్వి, టైర్లలో గాలి 15-18 పీఎస్‌ఐకి దించి చూడాల్సింది, చాలాసార్లు బండి దానంతట అదే బయటికొస్తుంది. కాకపోతే రోడ్డెక్కాక మళ్లీ గాలి కొట్టాలి. అందుకే స్ట్రాప్ కంటే ముందు నేను డిక్కీలోకి చిన్న గాలి పంపు కొన్నాను.