ఏథెన్స్ ఓటమి నుంచి వచ్చిన కోచ్

జపాన్ ఆటగాడు కోసే ఇనోవే పేరు వినగానే జూడో అభిమానులకు 2000 సిడ్నీ ఒలింపిక్స్ గుర్తుకొస్తాయి. 100 కిలోల విభాగంలో ఐదు పోటీలనూ ఇప్పాన్‌తో, అంటే ఆటను అక్కడికక్కడే ముగించే పూర్తి పాయింటుతో గెలిచి, అంతకు ముందు ఏడాది కన్నుమూసిన తల్లి ఫొటోను చేతుల్లో పట్టుకుని ఆయన పతక వేదిక ఎక్కారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

అయితే కోచ్‌గా ఆయన చేసిన పనికి మూలం వెతకాలంటే ఏథెన్స్‌కు వెళ్లాలని నా అభిప్రాయం. మూడుసార్లు ప్రపంచ చాంపియన్‌గా, మొత్తం జపాన్ బృందానికి కెప్టెన్‌గా 2004 ఒలింపిక్స్‌కు అక్కడ అడుగుపెట్టిన ఇనోవే, క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు ఎల్కో వాన్ డెర్ గీస్ట్ చేతిలో ఓడి, ఓడినవాళ్లకు కాంస్యం కోసం మరో అవకాశమిచ్చే రెపిచేజ్‌లోనూ ఓడి, పతకం లేకుండా వెనుదిరిగారు. దేశం మొత్తం తన మీద పెట్టుకున్న ఆశ ఒక్క రోజులో కూలిపోతే ఎలా ఉంటుందో స్వయంగా అనుభవించిన మనిషి ఆయన.

2008లో ఆట విరమించాక బ్రిటన్‌లో ఉండి బయటి జూడోను చదువుకున్నారు. 2012లో లండన్‌లో జపాన్ పురుషుల జట్టు చరిత్రలో తొలిసారి ఒక్క స్వర్ణమూ లేకుండా తిరిగొచ్చింది. ఆ ఏడాది చివర్లోనే పగ్గాలు 34 ఏళ్ల ఇనోవే చేతికి వచ్చాయి. అసలైన జూడో తమదేనన్న పట్టుదల జట్టుకు సంకెలగా మారిందని గ్రహించి, శాంబో లాంటి ఇతర కుస్తీ పద్ధతులను, శరీర దారుఢ్య శాస్త్రాన్ని సాధనలోకి తెచ్చారు.

అంతకన్నా పెద్ద మార్పు మనుషులతో వ్యవహరించే తీరులో వచ్చింది. 2013లో, కోచ్‌లు తమను కొడుతున్నారంటూ మహిళల జట్టుకు చెందిన 15 మంది చేసిన ఫిర్యాదు బయటపడి జపాన్ జూడో తలదించుకుంది. మరుసటి ఏడాది, పదే పదే ఆలస్యంగా వస్తున్న తన జట్టు ఆటగాడు నవోహిసా తకతోపై క్రమశిక్షణ చర్య తీసుకున్నప్పుడు, బాధ్యత తనదేనంటూ ఇనోవే గుండు చేయించుకున్నారు. చెయ్యి ఎత్తడం అలవాటైన వ్యవస్థలో, శిష్యుడి తప్పుకు కోచ్ గుండుతో సాధనకు రావడం ఎంత బలమైన మాటో ఊహించవచ్చు.

2016 రియోలో పురుషుల ఏడు విభాగాల్లోనూ పతకాలు వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో టోక్యో జట్టును ప్రకటిస్తూ, కొద్దిలో అవకాశం పోయినవాళ్ల ముఖాలే కళ్ల ముందు మెదులుతున్నాయని ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్లను బలహీనతగా చూసినవాళ్లకు ఏథెన్స్ గుర్తులేదనుకోవాలి. ఏడాది వాయిదా పడ్డ ఆ పోటీల్లో పురుషులకు ఐదు స్వర్ణాలు దక్కాయి. అందులో మొదటిది తకతోదే. మిశ్రమ జట్ల ఫైనల్లో మాత్రం ఫ్రాన్స్ జపాన్‌ను ఓడించింది.

2021 సెప్టెంబరులో ఇనోవే బాధ్యతల నుంచి తప్పుకున్నారు. ఆయన స్థానంలోకి వచ్చిన కెయిజి సుజుకి, ఏథెన్స్‌లో 100 కిలోలకు పైబడిన విభాగంలో స్వర్ణం గెలిచిన ఆటగాడు.