టెంటు సరే, తెల్లారితే దొడ్డికి ఎక్కడికి వెళ్తున్నారు?

పాడేరు దగ్గరి వంజంగి కొండ మబ్బుల రీల్స్ చూసి టెంట్లు బుక్ చేసుకుంటున్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. మాట్లాడటానికి ఇబ్బందిగా ఉండే విషయమే, కానీ ఎవరూ మాట్లాడకపోబట్టే ఇంతదాకా వచ్చింది.

పోయిన చలికాలం ఏజెన్సీలో ఒక క్యాంపు దగ్గర పొదల వెనక్కి వెళ్తే కాలు పెట్టే చోటు లేదు. బండల సందుల్లో వెట్ వైప్స్, సగం నీళ్లున్న బాటిళ్లు, ఒక ప్యాడ్, వాటి మీద ఈగలు. ఆ పక్కనే గెడ్డ, అంటే వాగు, పారుతోంది. కాస్త కిందకి దిగితే ఊరి ఆడవాళ్లు అదే గెడ్డలో బిందెలు ముంచుతున్నారు. పాడేరు వైపు చాలా గూడేలకు ఇప్పటికీ ఊట నీళ్లే తాగునీళ్లు. మలం కలిసిన నీళ్లతో విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వస్తాయి, పైగా జబ్బు ముదిరితే మనిషిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్లాల్సిన ఊళ్లు అక్కడ ఇంకా ఉన్నాయి. మనం ఆదివారం సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం, వాళ్లెక్కడికి పోతారు?

"పూర్వం అందరూ బయటికే వెళ్లేవాళ్లుగా" అంటారు కొందరు. అప్పుడూ దానివల్ల జబ్బులొచ్చాయి. ఇప్పుడైతే వారం వారం వందలమంది ఒకే కొండ మీద, తెల్లారేసరికి ఒకే గంటలో.

చేయాల్సింది పెద్ద కష్టమేం కాదు. టాయిలెట్ ఉంటే, ఎంత దూరమైనా అక్కడికే వెళ్లండి. లేకపోతే గెడ్డకి, బాటకి, టెంట్లకి కనీసం 200 అడుగులు దూరం పోవాలి, అంటే సుమారు 70 అంగలు. మొక్కల కుండీలకి వాడే చిన్న పార ఒకటి బ్యాగులో పడేసుకుని, మెత్తటి మట్టి చూసి 6 నుంచి 8 అంగుళాల లోతు గుంట తవ్వండి. మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది ఆ పైమట్టిలోనే, కాబట్టి మరీ లోతూ వద్దు. పనయ్యాక తవ్విన మట్టితోనే పూడ్చేయండి. కడుక్కోవడం కూడా అక్కడే, బాటిల్ నీళ్లతో. గెడ్డలో దిగి కడుక్కుంటే ఇంత దూరం నడిచిందంతా దండగ. తర్వాత సబ్బుతో చేతులు, అది కూడా గెడ్డకి దూరంగానే.

వెట్ వైప్స్ మాత్రం గుంటలో వేయకండి. చాలావాటిలో ప్లాస్టిక్ దారాలుంటాయి, ఏళ్ల తరబడి పోవు. ప్యాడ్లు, డైపర్లు కూడా అంతే. కాగితంలో చుట్టి జిప్ కవర్‌లో వేసి వెనక్కి తెచ్చుకోవాల్సిందే. ఎండాకాలం వాటిని అక్కడే తగలబెట్టాలని చూడకండి, ఒక్క నిప్పురవ్వ చాలు.

గండికోట లోయ అంచున ఇదీ కుదరదు. అక్కడంతా బండే, తవ్వడానికి మట్టేదీ? అలాంటిచోట టాయిలెట్ అందుబాటులో లేకుండా రాత్రి ఉండటమే తప్పని నా అభిప్రాయం.

టెంట్లు అద్దెకిచ్చేవాళ్ల మీద నాకు ఇంకా కోపం. తలకి ఇంతని తీసుకుంటారు, డీజే పెడతారు, బార్బెక్యూ పెడతారు, రెండు టాయిలెట్లు కట్టించరు. ఆడపిల్లలు చీకటిపడేదాకా ఆపుకుని, నీళ్లు తాగడం మానేసి కూర్చుంటున్నారు. అందుకే అడ్వాన్స్ కొట్టేముందు ఫోన్లో అడగండి: టాయిలెట్ ఉందా, ఎంతమందికి ఒకటి, ఆ గొయ్యి గెడ్డకి ఎంత దూరం? "అంతా ఓపెనే సార్, ఎక్కడికైనా వెళ్లొచ్చు" అంటే ఫోన్ పెట్టేయండి.